ఫ్లైఓవర్ మీద వెళ్ళేప్పుడు కట్, వచ్చేప్పుడు ఓకే: కాల్ డ్రాప్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం పైన కాల్ డ్రాప్ గురించే, అందులోనూ విజయవాడ గుంటూరు మధ్య రోజూ తిరిగేవాళ్ళవే ఎక్కువ. అందుకని బ్యాటరీలు, ఛార్జర్ల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి నెట్టేసి వీటినే తీసుకున్నా.

ప్రశ్న: సార్, మాది భవానీపురం, ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర. పొద్దున క్యాబ్‌లో వెళ్ళేప్పుడు కనకదుర్గ ఫ్లైఓవర్ మీద కొండ పక్కకి రాగానే కాల్ కట్టయిపోద్ది. సాయంత్రం అదే ఫ్లైఓవర్ మీద తిరిగొస్తుంటే ఏమీ అవ్వదు. అదే ఫోను, అదే సిమ్ము, అదే రోడ్డు. కస్టమర్ కేర్‌కి చేస్తే మీ ఏరియాలో సిగ్నల్ బాగుందండి, ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి అంటారు. ఫోన్ మార్చాలా, సిమ్ మార్చాలా?

జవాబు: ఇప్పటికైతే రెండూ మార్చొద్దు. మీరు రాసినదాంట్లో బాగా పనికొచ్చే ముక్క ఒకటుంది, పొద్దున కట్ అవుద్ది సాయంత్రం అవ్వదు అన్నారు చూడండి, అది. అక్కడ సిగ్నలే లేకపోతే రెండువైపులా కట్ అవ్వాలి గదా. ఒకవైపే అవుతోందంటే ఒక సెల్ (అంటే టవర్ మీది ఒక యాంటెన్నా కవర్ చేసే ఏరియా) నుంచి ఇంకో సెల్‌కి కాల్‌ని అప్పజెప్పే దగ్గర, అదే హ్యాండోవర్ అంటారు, అక్కడ తేడా కొడుతోందన్నమాట.

చాలామంది ఏమనుకుంటారంటే ఏ టవర్ బాగుంటే దానికి ఫోనే మారిపోద్దని. ఊరికే జేబులో ఉన్నప్పుడు నిజమే, అదే చూసుకుని మారుద్ది. కాల్ నడుస్తున్నప్పుడు మాత్రం దాని చేతిలో పెద్దగా ఏం లేదు, కొలిచి చెప్పడం వరకే దాని పని, నేనున్న సెల్ ఇంత, పక్క సెల్ ఇంత అని. ఎప్పుడు మారాలో ఎక్కడికి మారాలో చెప్పేది నెట్‌వర్కు. 4జీలో ఎక్కువగా వాడే రూల్ పేరు ఏ3. పక్క సెల్ సిగ్నల్ మనమున్న సెల్ కంటే ఇన్ని డీబీలు (డెసిబెల్స్, సిగ్నల్ బలంలో తేడాకి కొలత) ఎక్కువుండాలి, అదీ ఒక్క క్షణం మెరిసిపోతే చాలదు, ఇన్ని మిల్లీసెకన్ల పాటు ఆగకుండా ఎక్కువే ఉండాలి, అప్పుడు ఫోన్ రిపోర్ట్ పంపుద్ది. 3 డీబీ, 320 మిల్లీసెకన్లు అనేవి బాగా కనబడే సెట్టింగులు. 3 డీబీయే గదా అనుకోకండి, అది రెట్టింపు పవర్.

ఇంత ఆగడం ఎందుకంటే సిగ్నల్ నిలకడగా ఉండదు, పక్క నుంచి లారీ పోతే పడుద్ది, మీరు ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చినా పడుద్ది. ఎవరు కాస్త ఎక్కువ కనబడితే వాళ్ళకి పంపేస్తూ పోతే, బస్టాండులో పక్క క్యూ రెండడుగులు కదిలిందని అటు దూకి, మళ్ళీ మొదటి క్యూ కదిలిందని ఇటు దూకే మనిషి గతే మీ కాల్‌కీ పడుద్ది. దీన్ని ఆ ఫీల్డ్‌లో పింగ్‌పాంగ్ అంటారు. దూకిన ప్రతిసారీ కాస్త గ్యాప్, దూకిన ప్రతిసారీ తప్పే ఛాన్స్.

సరే, ఆగాలి, ఎంతసేపు అన్నదే మొత్తం గొడవ. ఎందుకంటే "ఆ సెల్‌కి వెళ్ళిపో" అనే ఆర్డర్ కొత్త సెల్ నుంచి రాదు, పాత సెల్ నుంచే రావాలి. ఏ సిగ్నల్ చచ్చిపోతోందో దాని మీదే ఫోన్ రిపోర్ట్ పైకి పోవాలి, దాని మీదే ఆర్డర్ కిందకి రావాలి. కాస్త ఆలస్యమైతే ఆర్డర్ ఇచ్చినా ఫోన్‌కి వినబడదు, ఇక అంతే.

ఇప్పుడు మీ ఫ్లైఓవర్‌కి రండి. 2020లో ఓపెన్ చేశారు గదా, ఒక పక్కంతా ఇంద్రకీలాద్రి, ఇంకో పక్క కృష్ణ. కొండంటే రేడియోకి గోడ కింద లెక్క. ఏటి వైపు అడ్డమే లేదు, కాబట్టి అవతల ఒడ్డున సీతానగరం, ఉండవల్లి వైపు సెల్స్ కూడా నీళ్ళ మీదుగా వచ్చేస్తాయి, పైగా మీరు ఎత్తులో ఉన్నారు. కింద రోడ్డు మీద పోయేవాడికి రెండు మూడు సెల్స్ వినబడే చోట మీకు అంతకి రెట్టింపు వినబడతాయి, అన్నీ ఇంచుమించు ఒకే లెవెల్లో, ఏదీ గట్టిగా ఉండదు. ఇలాంటి చోట ఒకవైపే కాల్ పోవడానికి మామూలుగా మూడు కారణాలుంటాయి.

మొదటిది మలుపు. భవానీపురం వైపు సెల్ పట్టుకుని బయల్దేరతారు, అది వెనక నుంచి బలంగానే వస్తుంటది, ముందున్న సెల్ కొండ చాటున ఉంటది. మలుపు దాటగానే వెనకది ఢమాల్‌మని పడుద్ది, ముందుది ఒక్కసారి లేస్తది. ఇలాంటి మలుపుల్లో పది ఇరవై మీటర్లలోనే 20 డీబీ పడిపోవచ్చు, అంటే నూరోవంతుకి వచ్చేసినట్టు. క్యాబ్ గంటకి 40 కిలోమీటర్ల మీద పోతుంటే సెకనుకి 11 మీటర్లు కదులుద్ది. కొలతల్ని సగటు తీయడానికి కాస్త టైము, ఆ 320 మిల్లీసెకన్లు, ఆ తర్వాత పాత సెల్ కొత్త సెల్‌ని అడిగి చోటు తీసుకోవడానికి ఇంకాస్త, అన్నీ కలిపితే అర సెకను దాటిపోద్ది, ఈలోపు పాత సెల్ మునిగిపోయింది. సాయంత్రం మీరు పట్టుకునేది ప్రకాశం బ్యారేజీ వైపు నుంచి ఏటి మీదుగా వచ్చే సెల్ అయితే అది కొండ చాటుకి పోదు, మెల్లగా తగ్గుద్ది, ఈలోపు భవానీపురం సెల్ మెల్లగా లేస్తది, నింపాదిగా మారొచ్చు.

రెండోది, 'ఏ' (A) అనే సెల్ నుంచి 'బీ' (B) అనే సెల్‌కి పెట్టే సెట్టింగు వేరు, బీ నుంచి ఏకి పెట్టేది వేరు. ఒకవైపు ఎవరో సరిచేసి రెండోవైపు వదిలేసి ఉండొచ్చు, తన పక్కన ఏ సెల్స్ ఉన్నాయో ప్రతి సెల్ దగ్గరా ఉండే నైబర్ లిస్టులో ఏకి బీ తెలిసి బీకి ఏ తెలియకపోవడం కూడా ఉంటది.

మూడోది నాకు భలే సరదాగా అనిపిస్తది, మీకు కాదనుకోండి. ఫోన్ పక్క సెల్‌ని గుర్తుపట్టేది ఒక నంబరుతో, 4జీలో ఇలాంటి నంబర్లు మొత్తం 504 మాత్రమే ఉన్నాయి. ఊళ్ళో సెల్స్ అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి దూరం దూరంగా అవే నంబర్లు మళ్ళీ మళ్ళీ వాడతారు. మామూలు వీధుల్లో దూరం సెల్ వినబడదు కాబట్టి గొడవ లేదు, ఏరు మధ్యలో ఉంటే అవతల ఒడ్డు సెల్ కూడా వినబడుద్ది, దాని నంబరూ ఇవతల ఇంకో సెల్ నంబరూ ఒకటే అయితే ఫోన్ ఒకదాన్ని చూసి చెప్తది, నెట్‌వర్కు ఇంకోదాన్ని రెడీ చేస్తది. ఫోన్ వెళ్ళిన చోట దాని కోసం ఎవరూ ఎదురుచూడట్లేదు.

మొదటి రెండూ అయితే బాగుచేయడానికి కొత్త టవర్ అక్కర్లేదు. ఆ రెండు సెల్స్ మధ్య, ఆ ఒక్క దిశకి, 3 డీబీని 0కో అంతకంటే కిందకో దించితే చాలు, నైబర్ లిస్టులో పక్క సెల్ లేకపోతే చేరిస్తే చాలు, మిగతా ఊరిని ముట్టుకోకుండా. ఊరంతటికీ ఒకటే అంకె కొట్టేసి చేతులు దులుపుకోవడం నా దృష్టిలో బద్ధకం, మెయిన్ రోడ్డు మీద బాగున్న అంకె కొండ మలుపులో బాగోదు.

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన టీచర్ని, బ్రాడీపేట. పాత బటన్ ఫోన్ ఉన్నప్పుడు గుంటూరు నుంచి విజయవాడ దాకా మాట్లాడుతూ వెళ్ళినా కాల్ తెగేది కాదు. ఇన్ని జీలు వచ్చాక తెగుతోంది. ఇదేం అభివృద్ధి?

జవాబు: మాస్టారూ, మీరన్నదాంట్లో సగం నిజం, సగం జ్ఞాపకాల మహిమ. నిజమేంటంటే 2జీ రోజుల్లో ఒక్కో సెల్ పెద్దది, మీ బస్సు దాటాల్సిన సరిహద్దులు తక్కువ. ఫోన్ దాదాపు అర సెకనుకోసారి, కచ్చితంగా అయితే 480 మిల్లీసెకన్లకోసారి, తనున్న సెల్‌తో పాటు బలమైన ఆరు పక్క సెల్స్ లెక్క పంపేది, పైన కంట్రోలర్ అనే పెట్టె కూర్చుని నిర్ణయం తీసుకునేది. ఇప్పుడు స్పీడు కోసం హై ఫ్రీక్వెన్సీలు వాడుతున్నారు, అవి తక్కువ దూరం పోతాయి, కాబట్టి సెల్స్ చిన్నవి, సరిహద్దులు ఎక్కువ, అదే దారిలో ఎక్కువసార్లు మారాలి.

మధ్యలో 3జీలో ఒక మంచి పద్ధతి ఉండేది, సాఫ్ట్ హ్యాండోవర్. ఫోన్ ఒకేసారి రెండు మూడు సెల్స్‌తో మాట్లాడేది, కొత్తది గట్టిగా పట్టుకున్నాకే పాతది వదిలేది. వినడానికి ఎంత బాగుందో ఖర్చు అంత, ఒక్క మనిషి కోసం రెండు మూడు సెల్స్ పవర్ ఖర్చవుద్ది. 4జీ వచ్చేసరికి దాన్ని తీసేసి పాతది వదిలి కొత్తది పట్టుకునే పద్ధతి పెట్టారు. అన్నీ సరిగ్గా జరిగితే మధ్యలో గ్యాప్ కొన్ని పదుల మిల్లీసెకన్లే, మాట ప్యాకెట్ 20 మిల్లీసెకన్లకి ఒకటి కాబట్టి రెండు మూడు పోతాయి, చెవికి తెలియదు. సరిగ్గా జరగనప్పుడే మీరు నన్ను తిట్టుకుంటూ ఉత్తరం రాస్తారు. 5జీలో 2020లో వచ్చిన రిలీజ్ 16 స్టాండర్డులో, కొత్త సెల్ పట్టుదొరికేదాకా పాతది వదలకుండా ఉండే ఏర్పాటు మళ్ళీ పెట్టారు, మీ పాత పద్ధతే వేరే వేషంలో.

ప్రశ్న: లక్ష్మీపురంలో అపార్ట్‌మెంట్, నాలుగో ఫ్లోర్. సోఫాలో కదలకుండా కూర్చున్నా ఫోన్ మీద 5జీ, 4జీ, 5జీ, 4జీ అని మారుతూనే ఉంటది. ఇదీ పింగ్‌పాంగేనా అండీ?

జవాబు: అయ్యుండొచ్చు, కాకపోవచ్చునమ్మా. కొన్ని నెట్‌వర్కుల్లో 5జీ ఒంటరిగా ఉండదు, 4జీని ఆధారం చేసుకుని పక్కన ఇంకో లింకులాగా కలుస్తది. డేటా వాడితే కలుపుతారు, ఆపితే తీసేస్తారు, గుర్తు మారుద్ది కానీ మీరున్న 4జీ సెల్ మారలేదు, అది హ్యాండోవర్ కాదు. 5జీ విడిగా నడిచే నెట్‌వర్కు అయితే గోడల్లోంచి వచ్చేసరికి దాని సిగ్నల్ అంచు మీద ఉండి నిజంగానే అటూ ఇటూ అవుతుంటది. ఇంట్లో ఉన్నంతసేపు సెట్టింగ్స్‌లో 4జీ మాత్రమే పెట్టి రెండు రోజులు చూడండి, బ్యాటరీ తేడా మీకే తెలుస్తది. బాల్కనీకి వెళ్తే మాత్రం వెనక్కి మార్చుకోవడం మీ ఓపిక.

ప్రశ్న: అన్నా, నేను ఈసీఈ ఫైనలియర్, కాలేజీ మంగళగిరి దగ్గర. మా ప్రాజెక్టు మెషీన్ లెర్నింగ్‌తో హ్యాండోవర్ నిర్ణయాలు మెరుగుపరచడం. గైడ్ సార్ యాక్యురసీ 95 దాటాలన్నారు. ఎక్కడ మొదలెట్టాలో అర్థం కావట్లేదు, హెల్ప్ చెయ్యి అన్నా.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ యాక్యురసీ అన్న మాటని పక్కన పెట్టు. నీ డేటాలో వంద హ్యాండోవర్లకి తొంభై ఎనిమిది బాగా జరిగినవే అనుకో, ఏదొచ్చినా "బాగానే జరుగుద్ది" అని చెప్పే మోడల్‌కి కూడా 98 వస్తది, సార్ చప్పట్లు కొడతారు, దానివల్ల ఒక్క కాల్ కూడా బతకదు. నువ్వు పట్టుకోవాల్సింది ఆ రెండింటిని.

అవి ఎలా చస్తాయో మూడు రకాలుగా విడగొట్టుకో. ఒకటి ఆలస్యం: మారక ముందే పాత సెల్‌లో కాల్ తెగి, ఫోన్ ఇంకో సెల్‌లో తేలుద్ది. రెండు తొందర: మారింది, మారిన వెంటనే తెగింది, తిరిగి పాత సెల్‌లోనే తేలింది. మూడు తప్పు చోటు: ఏ నుంచి బీకి పంపారు, తెగింది, తేలింది సీలో. ఎక్కడ తేలిందో చూసి ఏం తప్పు జరిగిందో చెప్పొచ్చు, సెల్స్ ఈ సంగతి ఒకదానికొకటి చెప్పుకుంటాయి కూడా. ఆలస్యాలు ఎక్కువుంటే ఆ జంటకి ఆఫ్‌సెట్, అదే ఆ 3 డీబీ లాంటి అంకె, కాస్త తగ్గించు, తొందరలు ఎక్కువుంటే పెంచు. ఇది 4జీ స్టాండర్డులో రిలీజ్ 9 నుంచే ఉంది, మొబిలిటీ రోబస్ట్‌నెస్ ఆప్టిమైజేషన్ అని పేరు, ఇందులో మెషీన్ లెర్నింగ్ ముక్క లేదు. చాలా పేపర్లు తమ మోడల్‌ని ఎప్పుడూ మారని 3 డీబీ, 320 మిల్లీసెకన్లతో పోల్చి గెలిచామంటాయి, పడుకున్నోడితో కుస్తీ పట్టినట్టు. నువ్వు ఈ రిలీజ్ 9 పద్ధతితో పోల్చు. గెలవకపోయినా అదే రాయి, వైవాలో దాన్నే ఎక్కువ గౌరవిస్తారు.

సిమ్యులేటర్ కావాలంటే ఎన్ఎస్-3 ఉచితం, దాని ఎల్‌టీఈ (4జీ) మాడ్యూల్‌లో ఏ3 హ్యాండోవర్ రెడీగా ఉంది. కానీ సిమ్యులేటర్‌లో ఇంద్రకీలాద్రి ఉండదు, నిజం డేటా కూడా కాస్త తీసుకో. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెల్ నంబరు, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, లొకేషన్ రాసుకునే యాప్‌లు దొరుకుతాయి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే సిగ్నల్ లెవెల్, మైనస్ 80 అంటే బాగుంది, మైనస్ 110 దాటితే కష్టం, మైనస్ 120 దగ్గర దాదాపు పోయినట్టే, ఫోన్ మీద కనబడే గీతల్ని మాత్రం నమ్మకు, ఎన్ని గీతలు చూపించాలో ఫోన్ కంపెనీ ఇష్టం. విజయవాడ గుంటూరు ఆర్టీసీ బస్సెక్కి వెళ్ళేప్పుడూ వచ్చేప్పుడూ రికార్డు చెయ్యి, ఎండలో, వానలో, రద్దీ టైములో. ఒక్క జాగ్రత్త, ట్రైనింగుకీ టెస్టింగుకీ డేటాని వరసలు కలిపేసి యాదృచ్ఛికంగా చీల్చకు. ఒకే ట్రిప్పులో పక్కపక్క సెకన్లు కవలపిల్లల్లా ఉంటాయి, ఒకటి ట్రైనింగులో ఉండి ఇంకోటి టెస్టులో ఉంటే మోడల్ కాపీ కొట్టినట్టే. రోజుల వారీగా చీల్చు, సోమవారం నేర్పి గురువారం పరీక్ష పెట్టు.

లెక్క కట్టేప్పుడు తెగిన కాల్సూ పింగ్‌పాంగులూ రెండూ పక్కపక్కన చూపించు, మారిన సెకను లోపు తిరిగి పాత సెల్‌కి వస్తే పింగ్‌పాంగ్ కింద లెక్కేస్తారు. ఒకటి తగ్గించడం ఎవడైనా చేస్తాడు, రెండోది పెంచకుండా తగ్గించడమే పని.

ఇంకో ఐడియా ఇస్తా, టైముంటే చూడు. రిలీజ్ 16లోనే కండిషనల్ హ్యాండోవర్ అని వచ్చింది. పైన ఫ్లైఓవర్ జవాబులో చెప్పా చూశావా, ఆర్డర్ చచ్చిపోతున్న సిగ్నల్ మీద రావాలని, దానికి ఇది మందు. సిగ్నల్ బాగున్నప్పుడే పాత సెల్ ఫోన్‌కి చెప్పేస్తది, ఫలానా రెండు మూడు సెల్స్ నీకోసం రెడీగా ఉన్నాయి, ఫలానా షరతు కుదిరిన నిమిషంలో నన్ను అడక్కుండా వెళ్ళిపో అని. కాల్ తెగడం బాగా తగ్గుద్ది, కానీ ఆ రెండు మూడు సెల్స్ రాని మనిషి కోసం చోటు అట్టిపెట్టుకుని కూర్చోవాలి. కాబట్టి ఇప్పుడు ప్రశ్న ఎప్పుడు మారాలి అన్నది కాదు, ఏ సెల్స్‌ని ముందుగా రెడీ చేయాలి అన్నది. మీ మెషీన్ లెర్నింగ్‌కి అసలు పని దొరికేది ఇక్కడ అని నా నమ్మకం, ఎందుకంటే రోడ్డు మీద పోయే బస్సు తర్వాత ఎటు పోద్దో పాత డేటా చూసి చెప్పడం మోడల్స్ బానే చేస్తాయి.

ప్రశ్న: దసరాల్లో కొండ దగ్గర ఫోన్‌లో ఫుల్ సిగ్నల్ ఉంటది, కాల్ మాత్రం కలవదు, కలిసినా నాలుగడుగులేస్తే తెగుద్ది. మూలా నక్షత్రం రోజైతే మరీ ఘోరం.

జవాబు: గీతలు చెప్పేది సెల్ ఎంత గట్టిగా వినబడుతుందో, అందులో చోటుందో లేదో చెప్పవు. హ్యాండోవర్‌లో కూడా పాత సెల్ ముందు కొత్త సెల్‌ని అడగాలి, ఇతన్ని తీసుకుంటావా అని. అక్కడ నిండిపోయి ఉంటే కాదంటది, మీరు పాతదాన్నే పట్టుకుని దూరం పోతూ పోతూ తెగిపోతారు. అలాంటి రోజుల్లో కంపెనీలు బండ్ల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి పెడతాయి, మంచిదే, వాటిని చుట్టుపక్కల సెల్స్ నైబర్ లిస్టుల్లో సరిగ్గా కలపకపోతే మాత్రం పక్కనే ఖాళీ సెల్ ఉన్నా మీ కాల్ అందులోకి పోదు. రద్దీలో కాల్ కంటే మెసేజ్ నయం, తెగినా మళ్ళీ తనే వెళ్తది.

ప్రశ్న: అండీ, నేను గుంటూరు నుంచి విజయవాడకి రోజూ ట్రైన్‌లో అప్ అండ్ డౌన్. కాల్ తెగితే కంపెనీ మనకి డబ్బులిస్తదని విన్నాను, నిజమేనా? కంప్లయింట్ ఇస్తే ఎవరైనా పట్టించుకుంటారా అసలు?

జవాబు: డబ్బుల సంగతి ఒకప్పుడు నిజం కాబోయి ఆగిపోయింది. తెగిన కాల్‌కి రూపాయి, రోజుకి మూడు రూపాయలు మించకుండా, 2016 జనవరి 1 నుంచి ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015లో రూల్ పెట్టింది. కంపెనీలు కోర్టుకెళ్ళాయి, 2016 మే నెలలో సుప్రీంకోర్టు ఆ రూల్ కొట్టేసింది. ఇప్పుడున్నది తెగే కాల్స్ 2 శాతం దాటకూడదన్న హద్దు. చిక్కేంటంటే అది పెద్ద ఏరియా మొత్తం మీద చూసేది, ఎక్కడో ఒక కిలోమీటరు పట్టాల మీద మీ బోగీ అంతా హలో హలో అన్నా పెద్ద లెక్కలో కలిసిపోద్ది.

అందుకే కంప్లయింట్ రాసే తీరు ముఖ్యం. "మా ఏరియాలో సిగ్నల్ ప్రాబ్లం" అని రాస్తే వాళ్ళు మీ ఇంటి దగ్గర సిగ్నల్ చూసి బాగుందని మూసేస్తారు. చోటు, టైము, ఎటు నుంచి ఎటు వెళ్తున్నారు, 4జీయా 5జీయా, తెగిందా లేక సెకను రెండు సెకన్లు మాట పోయి మళ్ళీ వచ్చిందా, ఇవి రాయండి. ఆఖరిది ఎందుకంటే మాట పోయి తిరిగొచ్చిందంటే ఫోన్ తెగిపోయి మళ్ళీ ఇంకో సెల్‌లో అతుక్కుందని అర్థం, తెగినదాని కింద వాళ్ళ లెక్కలో రాకపోవచ్చు, కానీ జబ్బు అదే. "నంబూరు స్టేషన్ దాటాక కృష్ణా కెనాల్ వైపు వెళ్తుంటే, పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో, 4జీ, కాల్ పూర్తిగా తెగుద్ది, సాయంత్రం తిరుగు ట్రైన్‌లో తెగదు" అని రాస్తే అది చదివిన ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నల్) ఇంజనీరు ఏ రెండు సెల్స్ మధ్య చూడాలో కుర్చీలోంచి లేవకుండా చెప్పగలడు. మీ బోగీలో రోజూ ఎక్కేవాళ్ళు నలుగురైదుగురు అదే చోటు, అదే దిశ రాసి ఇస్తే ఇంకా మంచిది. కంప్లయింట్ నంబరు తీసుకోండి, దాన్ని ఏమీ చేయకుండా మూసేస్తే అదే కంపెనీలో అప్పీలేట్ అథారిటీ అని ఉంటది, ఆ నంబరు వేసి అక్కడికి పంపండి, దానికి ఫీజు లేదు.